బుడిపెలమ్మ గారి మూడు కుండీలు

ముప్పై మూడేళ్ల కిందట, జూన్ పదకొండో తారీఖున, మా జీవన ఎరువుల ప్రయోగశాలలో సహాయక టెక్నీషియన్‌గా చేరిన ఆమెను ఇక్కడ అసలు పేరుతో పిలిచేవారు తక్కువ. అధికారుల దగ్గర నుంచి తోటమాలి దాకా అందరికీ ఆమె బుడిపెలమ్మ గారే.

సోయా, శనగ, చిక్కుడు వంటి మొక్కల వేళ్లకు ఆవగింజంత మొదలు బఠాణీ గింజంత దాకా బుడిపెలు ఉంటాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తిండిగా అందిస్తాయి. మొక్క తన చక్కెరలో వాటికి వాటా పెడుతుంది. ఆ జీవులను గాజు గొట్టాల్లో పెంచి, మెత్తటి బొగ్గుపొడిలో కలిపి, రైతులు విత్తనాలకు పట్టించుకునేలా పొట్లాలు కట్టడం ఆమె ఉద్యోగం.

చేరిన ఏడాదే, మూలజీవులను దాచి ఉంచే తల్లి గొట్టాల బాధ్యత ఆమె మీద పడింది. వాటిలోని జీవులను మూడు నెలలకోసారి కొత్త గొట్టంలోకి మార్చాలి. మరిచిపోతే ఆ వంశం అక్కడితో సరి. ఇన్నేళ్లలో ఒక్క వంశం కూడా ఆమె చేతిలో అంతరించలేదు. సీసాలు కడగడానికి వచ్చిన ఆవిడకు ఆ గొట్టాల మీది చీటీలే పలకగా అక్షరాలు దిద్దించినదీ ఆమే.

ప్రయాణంలో బస్సు ఎక్కడ ఆగినా ఆమె దిగి, రోడ్డు పక్క తీగను వేళ్లతో సహా పెళ్లగించి, బుడిపెను బొటనవేలి గోటితో చీల్చి చూసేవారు. లోపల ఎర్రగా ఉంటే జీవి పని చేస్తున్నట్టు, తెల్లగా ఉంటే ఉత్తిదే. ఒకసారి బస్సు కదిలిపోతోంది. "ఎక్కవే తల్లీ! ఆ గడ్డి మన పెరట్లోనూ ఉంది!" అని భర్త కిటికీలోంచి కేకేశారు. ఆమె మట్టిచేతులతో పరుగెత్తుకొచ్చి, "ఎర్రగా ఉందండీ!" అన్నారు. "నా మొహం కూడా" అన్నారాయన.

అలాంటి మనిషి పేరు పక్కన ఈ కార్యాలయం 'నిర్లక్ష్యం' అని రాసింది. ఆ సంగతి దాచి, ఆమె పదవీ విరమణకు తెస్తున్న ఈ సంచికలో పొగడ్తలు గుప్పించడం మాకు చేతకాదు.

పదకొండేళ్ల కిందటి వేసవిలో వార్షికోత్సవం జరిగింది. అతిథుల కూల్‌డ్రింకులకు చోటు కావాలని అప్పటి అధికారి చల్లగదిని ఖాళీ చేయించారు. నాలుగు వేల సోయా పొట్లాలు రేకుల షెడ్డులోకి వెళ్లాయి.

"అవి బతికున్న జీవులు సార్, అక్కడ చచ్చిపోతాయి" అని ఆమె మొత్తుకున్నారు.

"నల్లపొడేగా అమ్మా! పొడికి ఎండేమిటి, నీడేమిటి?"

తొమ్మిది రోజులు ఉడికిన పొట్లాలను, పరీక్షించి పంపుదామన్న ఆమె మాట పెడచెవిన పెట్టి, రైతులకు పంచేశారు. నెల తిరిగేసరికి రైతులు బోడి వేళ్ల మొక్కలు తెచ్చి వరండాలో కుప్ప పోశారు. తయారీలో నిర్లక్ష్యమంటూ మెమో వచ్చింది. కూల్‌డ్రింకులు తాగినవారికి కాదు, బుడిపెలమ్మ గారికి!

కట్టిన ప్రతి విడత నుంచీ రెండు పొట్లాలు తన ఫ్రిజ్‌లో దాచడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు. మూడు కుండీల్లో సోయా వేశారు. ఒకదానికి ఫ్రిజ్‌లోది, ఒకదానికి షెడ్డులో మిగిలినది పట్టించారు, మూడోదానికి ఏదీ లేదు. ముప్పై అయిదో రోజున అధికారి బల్ల మీదే మొక్కలు పరిచి బుడిపెలను గోటితో చీల్చారు. ఫ్రిజ్‌ పొట్లం మొక్కకు నెత్తురులాంటి ఎరుపు. మిగతా రెండూ బోడివే.

"నిజమేనమ్మా" అన్నారాయన. "మెమో సంగతి చూద్దాంలే."

ఆ 'చూద్దాం'కు పదకొండేళ్లు నిండాయి. రెండుసార్లు ప్రమోషన్ జాబితాలోంచి ఆ మెమో చూపించే ఆమె పేరు కొట్టేశారు. ఆయన మాత్రం మెట్టు మీద మెట్టు ఎక్కి వెళ్లిపోయారు.

మొన్న ఏప్రిల్‌లో, మచ్చ లేకుండా ఇంటికి వెళ్లనివ్వమని ఆమె ఇప్పటి అధికారికి అర్జీ పెట్టారు. "వెళ్లేముందు పాతవి తవ్వుకోవడం ఎందుకమ్మా? ఘనంగా సాగనంపుతాం కదా!" అన్నారాయన.

"తవ్వందే వేరు కనిపించదు సార్" అని ఆమె లేచి వచ్చేశారు. ఒక కొత్త పొట్లాన్ని తొమ్మిది రోజులు అదే షెడ్డులో ఉంచారు. తర్వాత సభామందిరం గుమ్మం పక్కన మూడు కుండీలు వెలిశాయి.

ఈ నెలాఖరున వీడ్కోలు సభకు విచ్చేసే పెద్దలూ, ఆమె కుటుంబసభ్యులూ లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్కో కుండీలోంచి ఒక్కో మొక్క పెకలించి చూడాలని మనవి. వేదిక మీద జ్ఞాపిక కంటే ముందు, మెమో రద్దయినట్టు కాగితం ఆమె చేతికి అందాలి.

బుడిపెలమ్మ గారు చూపు తగ్గకుండా, గోటి పదును పోకుండా, భర్తతో, కూతురితో నిండు ఆరోగ్యంగా నూరేళ్లు ఉండాలి. ఆ కాగితం ఇంకా ఆలస్యమైతే, ఏటా ఈ గుమ్మం ముందు మూడు కుండీలు పెట్టే ఓపిక ఆమెకు ఉండాలి. నీళ్లు పోయడానికి మేమున్నాం.