మద్దయ్య చేసిన మరమనుషులు

ఆ పొద్దు మద్దయ్యకు టీ గొంతు దిగలేదు. టీకొట్టు రాహేలమ్మ పెట్టిన టీలో తప్పేమీ లేదు, అల్లం దంచి వేసింది, పాలూ చిక్కగానే పోసింది. గొంతుకు అడ్డం పడింది వేరే. బల్ల మీద ఆ చివర కూర్చున్న కులపెద్ద ఉమామహేశ్వర ఒళ్లో పసుపు గుడ్డ మూట ఒకటుంది. మద్దయ్య చూపు దాని మీంచి మళ్లడం లేదు.

మూటలో ఏముందో నేతపేటలో అందరికీ తెలుసు. చౌడమ్మ తల్లికి పండక్కి కట్టే చీర తాలూకు చిలపలు, అంటే నూలు కట్టలు. ఏటా కులపెద్ద ఆ మూట తెచ్చి పేటలో తనకు నచ్చిన నేతగాడి చేతిలో పెడతాడు. పెట్టేటప్పుడు ఏమీ అనడు. పుచ్చుకున్నవాడు కూడా అనకూడదు. చేతిలో మూట పడినప్పటి నుంచి చీర కోసి మగ్గం మీంచి దించేదాకా వాడు నోరు విప్పకూడదు, పెళ్లాంతోనైనా సైగలే. మాట జారిందా, మూట ఇంకొకరి చేతికి పోతుంది. తాతల కాలం నుంచీ ఇదే ఆనవాయితీ.

ఇన్నేళ్లుగా ఆ మూట మద్దయ్య ఎదురింటికే పోతోంది. ఎదురింట్లో వీరభద్ర ఉంటాడు. ఈడూ జోడూ, ఒకే బడి, ఒకే పలక. మద్దయ్య నేత వీరభద్ర నేతకు వీసమెత్తు తీసిపోదు, ఆ మాట గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. కానీ చీర చూడ్డానికి వచ్చినవాళ్లు మద్దయ్య గడప దాటుకుని ఎదురింట్లో దూరతారు. అరుగు మీద కూర్చుని అది చూడాలి మద్దయ్య. కడుపు కాలిపోయేది, మండిపోయేది, ఆ మంట ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు. మొన్న వీరభద్ర బండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని తెలిసినప్పుడు అందరితోపాటు పోయి అయ్యో అన్నాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక, పాపం అనుకుంటూనే, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక ఈసారి మూట ఎవరికి? పేటలో ఇద్దరి పేర్లు వినబడుతున్నాయి. ఒకటి మద్దయ్య, రెండోది హరినాథ్. ఈ హరినాథ్ వీరభద్రకు అక్క కొడుకు, ఆయన మగ్గం దగ్గరే పని నేర్చినవాడు, పైగా ఇప్పుడు ఇదే బల్ల మీద మద్దయ్యకూ పెద్దాయనకూ నడుమ కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఊదుకుంటే ఊదుకున్నాడు, ఊరుకున్నాడా?

"మా మామ పోయినేడు నేసిన కొంగు చూసినారు కదా, ఈ సుట్టుపక్కల అట్లాంటిది ఇంగొకరు నేసేది కల్ల," అన్నాడు.

అంతే, మద్దయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"కొంగు సంగతి ఆనక చూస్తాం గానీ, జాకార్డు సంగతి తెల్సునా నీకు? పోయిన ఎండాకాలం మా ఇంట్లో మగ్గం మీద పూలు దింపే జాకార్డు పెట్టె పట్టేసింది. ఆదోని నుంచి మెకానిక్కు వచ్చినాడు, చూసినాడు, ఇది పాత సామాన్లోనికి ఏసేయప్పా అన్యాడు. నేను గమ్మునుండి, ఆయప్ప పోయినాక మా ఇంటిది తిమ్మమ్మ కొప్పులో పిన్ను ఒగటి పీకి, ఆడ ఒగ పొడుపు, ఈడ ఒగ తిప్పు. గడగడా తిరిగిపాయ."

"అది నిజమే," అంది రాహేలమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "తిమ్మమ్మ జుట్టు ఇరబోసుకొని తిరిగింది ఆ దినం."

నిజం కాబట్టి అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ పెద్దాయన ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. మూట ఒళ్లోనే ఉంది. మద్దయ్య బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిగాడు.

"ఆ తర్వాత ఏమాయనో తెల్సునా? ఒగ పిన్నుతో ఇంత పనయితే, చేతిలో సామానుంటే ఎంత చేస్తానో చూద్దామనిపిచ్చింది. కాలిపోయిన బోరు మోటరు ఒగటి, మిక్సీ ఒగటి, రేకు డబ్బాలు, సైకిలు చైను, అన్నీ ఏరుకొచ్చి ఒగ చెయ్యి చేసినా. ఉత్త చెయ్యే, భుజం దాకా. మగ్గం పక్కన నిలబెట్టి మీట నొక్కితే దారం మోసే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకి, ఆ పక్కనుంచి ఈ పక్కకి, కంటికి కనపడదే. నేను పక్కన కూసోని ఆకువక్క నములుతాండా, చీర అదే దిగతాండాది. అయితే ఉత్త చెయ్యి ఒంటరిగా కదా, పాపమనిపిచ్చి దానికి ఒళ్లు చేసినా. తలకాయకి మా తిమ్మమ్మ కుక్కరు పెట్టినా. అందుకే దానికి కోపమొస్తే ఈల ఏస్తాది. కండ్లకి బండి ఇండికేటర్లు. కడుపుకి కూలరు. శెనగనూనె తాగి పనిచేస్తాది, వేరే నూనె పోస్తే ఉమ్మేస్తాది."

"రోబో," అన్నాడు హరినాథ్.

"నువ్వు రోబో అను, నేను మరమనిషంటా. పేరుదేముంది. దానికి బుద్ధి కావాల కదా, యాడనుంచి తేవాల? నా తలకాయకి ఒగ తీగ, దాని కుక్కరుకి ఒగ తీగ కట్టుకొని, పొద్దన కూసున్యానంటే దీపాలు పెట్టే యాళకి నా బుద్ధి సాంతం దాంట్లోకి ఎక్కించినా."

"అందుకేనేమో నీ దగ్గర ఏం మిగల్లేదు," అంది రాహేలమ్మ.

"నగండక్కా, నగండి. ఒగటి చేసినాక అది ఇంగొకదాన్ని చేసింది, ఆ రెండూ కలిసి ఇంగా చేసినాయి. మా ఇంట్లో నిలబడేకి జాగా లేక మా తిమ్మమ్మ మిద్దెక్కి వంట చేస్తాండె. అప్పుడు నల్లద్దాలు పెట్టుకున్యా, రబ్బరు గ్లోసులు తొడుక్కున్యా, మగ్గం గుంటలో నిలబడి ఒగ నవ్వు నవ్వినా చూడు. పేటలో కోళ్లు గుడ్లు పెట్టేది మానుకున్యాయి."

"అన్నా, ఇది పిల్లోల బొమ్మల పుస్తకంలో ఉంటాది చూడు, చెడ్డ శాస్త్రవేత్త, అచ్చం అట్లే ఉండాది," అన్నాడు హరినాథ్. "ఆయప్ప కూడా ఇట్లే బొమ్మల్ని చేసి లోకాన్ని ఏలాలనుకుంటాడు."

"లోకం నాకెందుకప్పా? నాకు ఈ పేట చాలు. పేట గూడా వద్దు, ఎదురిల్లొగటి చాలు."

అన్నాక మద్దయ్య నాలుక కరుచుకున్నాడు. మనసులో మాట తోసుకుని బయటికి వచ్చేసింది. పెద్దాయన తల తిప్పి చూశాడు. ఆ చూపును దాటించాలంటే కథను ఇంకా పెద్దది చేయడం తప్ప మద్దయ్యకు వేరే దారి తోచలేదు.

"ఉత్తుత్తికే అన్యాలేప్పా. అసలు సంగతి చీర. మరమనుషులు నేసేకి మొదలుపెట్టినాయి కదా, నిలిపేది తెల్దు వాటికి. కొంగు అయిపోయినా నేస్తాండాయి. చీర గడప దాటింది, ఈది దాటింది, నందికొట్కూరు సంతలోకి పోయింది. ఆడ జనాలు పందిరేమో అనుకొని దాని కింద కూసోని బేరాలు చేసినారు. ఆడ్నించి ఆత్మకూరు. ఆత్మకూరు దాటితే ఏముండాది? నల్లమల. అడవి మీద పరుచుకునింది చీర. పులి ఒగటి దాని కిందినుంచి దూరి ఈ పక్కకి వచ్చేసరికి జరీ అంచు మెళ్లో పడిందంట, సిగ్గుపడి మళ్లీ లోపలికి పోయిందంట. ఫారెస్టోళ్లు నాకు ఫోన్ చేసి, ఏమప్పా మద్దయ్యా, నీ చీర ఎత్తుకుంటావా, మేం మడత పెట్టాల్నా అని."

"నువ్వేమన్యావు?" అన్నాడు పెద్దాయన. నోరు తెరవడం అదే మొదలు.

మద్దయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"నేనేమంటా, మడత పెట్టేకి కుదిరేదా అది? మూరలు గాదు, మైళ్లు. ఇంగ కింద జాగా లేక మరమనుషులు పైకి నేసినాయి. మబ్బుల దాకా. పోయినేడు వాన యాల పడలేదనుకుంటాండారు మీరంతా? ఆలూరు పక్క పత్తి ఎండిపాయ, శెనక్కాయ ఎండిపాయ, రైతులు మొగం పైకి పెట్టుకొని చూస్తాండారు, మబ్బులుండాయి, ఉరుముతాండాది, చుక్క పడదు. యాడ పడతాది? మబ్బుకీ నేలకీ నడమ నా చీర ఉండాది కదా. నేత అంత గట్టిది, చుక్క కారనీలే."

"అయితే ఆ పాపం నీదే," అంది రాహేలమ్మ. "మా అన్నోళ్ల పత్తి కూడా ఆ ఏడే పోయింది."

"ఆగక్కా. వాన పడాల కదా అని నేనే కత్తెర తీసుకొని నిచ్చెనెక్కినా. అప్పుడు ఏమాయనో తెల్సునా? అప్పుడే తిరగబడినాయి."

"పుస్తకంలోనూ అంతే," అన్నాడు హరినాథ్. "చేసినోని మీదికే వస్తాయి."

"పుస్తకంలో యాల వస్తాయో నాకు తెల్దు గానీ, నా ఇంట్లో యాల వచ్చినాయో చెప్తా విను. నా బుద్ధి పెట్టినా కదా వాటికి. దీని అంచు దానికి గిట్టదు, దాని పూవు దీనికి గిట్టదు. ఒగదాన్ని నేను భేష్ అంటే పక్కదాని కుక్కరు ఈలేస్తాది. ఒగదానికి నూనె ఎక్కువ పోసినానని ఇంగొగటి మూడు పూటలు మూతి ముడుచుకొని మూల కూసుండె. ఒగదాని పడుగు ఒగటి తెంపుతాండె. రేకు బొమ్మలు కదప్పా, వాటికేం కడుపు, వాటికేం మంట అనుకుంటాం. అదెంత నరకమో తెల్దు మీకు. పొద్దన్నే లేస్తే అదే, పండుకుంటే అదే. నేసేది మనమే, బాగుండేది మనదే, పేరు మాత్రం..."

మద్దయ్య మాట మధ్యలో ఆపి గ్లాసు అందుకున్నాడు. టీ ఒక గుక్క తాగాడు. 

"సరే, అన్నీ కలిసి ఈడికి ఎంత పేరుండాదే అని నా మీదికి వచ్చినాయి. పడుగు దారాలతో నన్ను చుట్టి, దారం కండె మాదిరి చేసి, నాడెలో పెట్టి ఇసిరినాయి. ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి. చీర పేకలో నన్నే నేసేసినాయప్పా. ఈపొద్దుకీ నడుం మీద అంచు గీతలుండాయి. నేను పళ్లతో దారం కొరికి, ఊపిరి బిగబట్టి, ఒగ్గ తాపు తన్నినా చూడు, మబ్బుల మీద చీర పర్రున చినిగి, వాన. అదే, శ్రీశైలం గేట్లు ఎత్తినారు కదా, ఆ వాన."

ఉమామహేశ్వర కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. అంత పెద్దమనిషి అట్లా నవ్వడం మద్దయ్య ఎప్పుడూ చూడలేదు. వీరభద్ర ఎన్నడైనా నవ్వించాడా ఈయన్ని? లేదు. ఆ ఆలోచనే మద్దయ్యకు బెల్లం ముక్కలా ఉంది.

"ఇంతకీ ఆ మరమనుషులు ఇప్పుడు యాడుండాయి?" అన్నాడు పెద్దాయన.

ఇది మద్దయ్య అనుకోలేదు. ఇంట్లో ఉన్నాయంటే పదమని లేస్తారు. చచ్చాయంటే రేకులు చూపించమంటారు. తడుముకుంటుండగా చూపు వీధి మీదికి, అక్కడి నుంచి అలవాటుగా వీరభద్ర గుమ్మం మీదికి పోయింది. ఒక్క దెబ్బకు రెండు పనులూ అయ్యే మాట తట్టింది.

"ఇంగ యాడప్పా. నన్ను కాదని సంసారం మూట కట్టుకొని ఎదురింటికి పోయినాయి. వీరభద్ర పెరట్లో ఉండాయి. ఆయప్ప చీరలు అట్లుండేది యాలనుకుంటాండారు? మనిషి నేసేదా అది? సాంతం నా మరమనుషుల పనే."

హరినాథ్ ముఖం మాడిపోయింది. మద్దయ్యకు అన్నేళ్ల మంట ఒక్కసారిగా చల్లారినట్టయింది.

"అయిపోయిందా?" అన్నాడు ఉమామహేశ్వర. "చెప్పాల్సిందంతా చెప్పేసినావా? కడుపులో ఇంగేం మిగల్లేదు కదా?"

"లేదప్పా. అంతా అయిపోయింది."

"దానికోసమే కూసున్యా ఇంతసేపు. పని మంచిదే నీది, నోరే అడ్డం. ఖాళీ అయితే సరి."

పెద్దాయన లేచి, ఇక మాట లేకుండా, పసుపు మూట తెచ్చి మద్దయ్య రెండు చేతుల్లో పెట్టాడు. మద్దయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు. పెదాలు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి జనం ఎదురింటి గడప దాటుకుని తన ఇంట్లోకి వస్తారు. వీరభద్ర కట్టు కట్టిన చేత్తో అరుగు మీద కూర్చుని చూస్తాడు.

రాహేలమ్మ గ్లాసులు తీసుకుపోతూ ఆగింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, కథ శ్రద్ధగా విన్న మనిషికి వచ్చిన అనుమానమే ఉంది.

"నాకొగటి అర్థం కాలేదు. బొమ్మల్ని చేసింది మద్దయ్య, బుద్ధి పెట్టింది మద్దయ్య. అట్లాంటివి ఈయప్పని వదిలి వీరభద్ర ఇంటికే యాల పోయినాయి? నేత ఆయప్పదే మేలని వాటికీ తెల్సిందన్నమాట. కోతలు కోసింది ఈయన, ఆ కోతల్లో గూడా గెల్చింది వీరభద్రే."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మద్దయ్య ఓర్చుకునేవాడేమో. అందరూ అవును కదా అన్నట్టు తలలూపారు, హరినాథ్ అందరికంటే నెమ్మదిగా ఊపాడు. ఈ మాట సాయంత్రానికి పేటంతా తిరుగుతుంది. వీరభద్ర చెవినా పడుతుంది. ఆ మాటల తక్కువ మనిషి ఏమీ అనడు, చిన్నగా నవ్వుకుంటాడు. ఇక్కడ తను చీర దిగేదాకా మూగవాడై ఆ నవ్వును చూస్తూ మగ్గం తొక్కాలి. మద్దయ్య మూటను రొమ్ముకు అదుముకున్నాడు. పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"యాడ పోయినాయే ఎదురింటికి?" అన్నాడు. "బొమ్మలూ లేవు, గిమ్మలూ లేవు. మొత్తం నేను కల్పించి చెప్పిందే. ఒగ్గటి గూడా పోలే ఆయప్ప ఇంటికి."

తన గొంతు తనకు వినబడ్డాక చేతిలోని మూట వైపు చూసుకున్నాడు.

ఉమామహేశ్వర అతని ముందుకు వచ్చి మూట తీసుకున్నాడు, మద్దయ్య వేళ్లను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. తీసుకుని హరినాథ్ చేతుల్లో పెట్టాడు. హరినాథ్ మద్దయ్య వైపు తిరిగి ఏదో అనబోయి, నోరు మూసుకున్నాడు.