పరదేశి ప్రమోషన్

ఆ… హలో. నేనే, పరదేశినే మాట్లాడతన్నాను, సెప్పు కన్నబాబూ… ఉండుండు. ఈ గానుగ ఇంజన్ మోతలో నీ మాట ఇనపడతలేదు. గట్టు మీదకి పోతన్నాను.

…

ఆ, ఇప్పుడు సెప్పు. లిస్టొచ్చిందా?

…

మరేటలా నీళ్ళు నములుతావు? నాయిబ్ సుబేదార్ ప్రమోషన్ లిస్టు పొద్దున్నే అంటించేరని, నేను లీవులో ఉన్నాను కదా, మన క్లర్కు మెసేజ్ పెట్టేడు. పేరు మాత్రం పెట్టలేదు. అప్పుడే నాకు అనుమానం తగిలింది… ఎవులు?

…

త్రినాధరావా.

…

నక్కపల్లి త్రినాధరావేనా? నా ఎనకాల మూడేళ్ళకి పటాలంలోకొచ్చిన త్రినాధరావు?

… ఊఁ.

లేదు, కోపమేటి. కోపం లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందులో హవల్దారుగానే తొమ్మిదేళ్ళు. ఈసారి పై ర్యాంకు రాకపోతే రెండేళ్ళలో నేను ఇంటికే. ఆ సంగతి ఆడికి తెల్దేటి? సుబేదార్ మేజర్ సాబ్‌కి తెల్దేటి?

…

కాదు, నువ్వాగు. నేను సెప్పేది ఇను. త్రినాధరావు లీవు నుంచొచ్చినప్పుడల్లా సాబ్ కోటర్సుకి బెల్లం దిమ్మలు మోసేడు. నా కళ్ళతో సూసేను…

ఆ, నేనూ ఇచ్చేను. ఒకసారి. రెండుసార్లు. నేనిచ్చినప్పుడు ఏటీ ఆశించలేదు.

… నవ్వకు.

సరే, మార్కులు పక్కనే అంటించేరన్నావు కదా. సదువు. రాత పరీక్ష?… నాకే ఎక్కువ. ఫైరింగు?… నాకే. పరుగు?… ఆడికి రెండు ఎక్కువొచ్చేయి, పోనీలే, నాకు నలభై రెండేళ్ళు. ఆఫీసర్లు ఏసినవి?… ఇద్దరికీ సమానం. మరి నాది ఎక్కడ పోయింది?

…

కవర్లలోనా.

…

అదే అనుకున్నాను. పటాలం పెద్ద, సీఓ సాబ్ పెరేడ్‌లో నిలబెట్టి, ఈ ఏడాది నుంచి సీనియారిటీ ఒక్కటే సూడం, పని సూత్తాం, మనిషిని సూత్తాం, కింద పన్సేసినోళ్ళనీ అడుగుతాం అన్నప్పుడే అనుకున్నాను. పేరు రాయక్కర్లేదు, కాయితం కవర్లో పెట్టి అంటించి ఇవ్వండి అన్నాడు. ఇంకేటి, ఎవుడి కడుపులో ఉన్నది ఆడు కక్కేత్తాడు. ప్రశ్న ఒకటే కదా? ‘రేపు యుద్ధానికెళ్తే ఈయన ఎనకాల నడుత్తారా? నడవకపోతే ఎందుకు?’ అంతే కదా?

…

నా సెక్షన్‌లో తొమ్మిదిమంది. ఎంతమంది నడవం అని రాసేరు?

… తెల్దా. నీకు తెల్దు. సరే.

నేను సెప్తాను. ఆ లాన్స్ నాయక్ రాసుంటాడు. సెల్లి పెళ్ళికి లీవడిగితే ఆపేను కదా, అదీ పగ… ఆడు కాదంటావా? నువ్వు సూసేవేటి? అయితే రేడియో ఆపరేటర్. ఆణ్ణి అందరి ముందూ తిట్టేను. ఆడు మనసులో పెట్టుకునే రకం. లేకపోతే ఆ డ్రైవరు. గుడారం తడిసిపోయిందని ఆణ్ణి రెండు గంటలు వానలో నిలబెట్టేను…

…

అవును. ఎవుణ్ణి అనుకున్నా ఆడికో కారణం ఉన్నట్టే ఉంది. అదేటో.

…

ఏటి?

…

మళ్ళీ సెప్పు.

…

బూటు గురించి ఎవులో రాసేరట. ‘అట’ అంటన్నావు. ఆ కవర్లు అంటించినవి కదా, కన్నబాబూ. సీఓ సాబ్, ఇంకో ఇద్దరాఫీసర్లు తలుపేసుకుని ఇప్పేరు. బూటు గురించి రాసేరని నీకెవులు సెప్పేరు?

…

క్లర్కు సెప్పేడా. క్లర్కు ఆ గదిలో లేడు. నేనడిగేను ఆణ్ణి.

…

కన్నబాబూ.

…

ఆగు, నన్ను లెక్కేసుకోనీ.

…

ఆ పొద్దు మంచుకొండ మీద పెట్రోలింగులో మన జవాను అయ్యప్ప బూటు మాట అన్నప్పుడు మిగిలినోళ్ళు ముందెళ్ళిపోయేరు. ఎనకాల ఉన్నది ముగ్గురం. నేను. అయ్యప్ప. నువ్వు. అయ్యప్ప ఆస్పత్రిలో ఉన్నాడు, ఆడికి కాయితం ఇవ్వలేదు.

…

ఊఁ.

…

నువ్వా.

…

లేదు, మాట్లాడకు. ముందు నేనడిగింది ఇను.

…

నిన్ను పటాలంలోకి తెచ్చింది ఎవుడ్రా? లీవుకొచ్చి, తెల్లారకుండా నిన్ను లేపి, మునగపాక రోడ్డు మీద నీతో పాటు నేనూ పరుగెత్తేను. నువ్వు కూలబడిపోతే రెక్క పుచ్చుకుని లాగేను. మీ అక్కని సేసుకున్నాను కాబట్టి నువ్వు బామ్మర్దివి కానీ, నేనెప్పుడైనా నిన్నలా సూసేనా? తమ్ముడిలా సూసుకున్నాను. ఆ సేత్తోనే రాసేవా?

…

ఎవుడెక్కించేడు నీకు? త్రినాధరావేనా? నిన్నేటి సేత్తానన్నాడు? నాయక్ నుంచి హవల్దార్ని సేత్తానన్నాడా?

…

ఎవులూ సెప్పలేదు. నీ అంతట నువ్వే.

…

సరే, ఏటి రాసేవో సదువు. గుర్తుంటాది కదా. సదువు.

…

‘కాలు మొద్దుబారిపోయింది, బూటు ఇప్పి సూసుకుంటాను అని జవాను అడిగేడు.’ ఊఁ. ‘హవల్దార్ నాటకాలాడకు, నడు అన్నాడు.’ … ‘నాలుగు గంటలు నడిపించేడు.’ … నాలుగు కాదు. మూడున్నర.

…

‘రెండు కాలివేళ్ళు తీసేసేరు.’

…

అది అందరికీ తెలుసు. విచారణ అయిపోయింది కదా. అయ్యప్ప కాలి సంగతి ముందు సెప్పలేదు అని నేను సెప్పేను, నువ్వూ అవునని సంతకం పెట్టేవు. ఆ ఫైలు మూసేసేరు. ఇప్పుడు మళ్ళీ ఏల తవ్వుతావు?

…

నేను పెట్టమంటే పెట్టేవు. ఆ. నేనే పెట్టమన్నాను. అయితే?

…

మూడు నెలల నుంచి తిండి సయించకపోవడమేటి? నాకొక్క మాట సెప్పలేకపోయేవా?

…

నిజమే. సెప్తే రాయనిచ్చీవోణ్ణి కాను.

…

ఏటీ? త్రినాధరావు మోసేడా? అయ్యప్పనా?… కొండ దిగువ దాకా? ఆడు మన సెక్షన్ కూడా కాదు కదా.

…

ఆడికెవులు సెప్పేరు మొయ్యమని?… ఎవులూ సెప్పలేదు. ఎదురొచ్చేడు, బూటు ఇప్పించి సూసేడు, ఈపు మీద ఏసుకున్నాడు. నేనప్పటికే ముందెళ్ళిపోయేను. అవును. టైముకి చేరాలని ముందెళ్ళిపోయేను.

…

టైముకే చేరేను. సాబ్ శభాష్ అన్నాడు.

…

కన్నబాబూ, ఒక సంగతి ఆలోచించేవా? అయ్యప్ప అప్పుడు సెప్పలేదని సంతకం, ఇప్పుడు సెప్పేడని కాయితం. కాయితం మీద పేరు లేకపోయినా నాలాగే ఆళ్ళూ కనిపెట్టేత్తారు. తప్పు సాక్ష్యమని నీ మెడకీ సుట్టుకుంటాది. ఉద్యోగం పోవచ్చు. నీకు పెళ్ళి కుదిరింది. సుప్రియ వాళ్ళ నాన్నకి ఏటని సెప్తావు?

…

తెలుసా. తెలిసే రాసేవా.

…

రేపా? సీఓ సాబ్ దగ్గరికి నువ్వే ఎల్తావా, పేరు సెప్పుకుని?

…

…

ఆగు. ఎల్లకు. ఎల్లొద్దని కాదు, రేపు ఎల్లకు.

…

ఎందుకంటే… అయ్యప్ప కుంటడం నేను సూసేను రా.

…

ఆ. అడక్క ముందే సూసేను. ఎడం కాలు ఈడ్చుకుంటన్నాడు. ఆపితే అరగంట పోద్ది, ఆ అరగంట నా రిపోర్టులో పడతాది, ప్రమోషన్ బోర్డు ముందు అది కనపడతాది అనుకున్నాను. నాటకం కాదని నాకు తెలుసు. తెలిసే నాటకాలాడకు అన్నాను. ఇది నీ కాయితంలో లేదు. నీకు తెల్దు కాబట్టి లేదు.

…

ఏడవకు. నువ్వేటి సేసేవని ఏడుపు?

…

ఉండు, మీ అక్కొత్తంది… ఆ, కనకం, నీ తమ్ముడే… లిస్టొచ్చింది. నా పేరు లేదు… లేదంటే లేదు, ఏటి సెయ్యమంటావు?… ఎవులూ అడ్డం పడలేదు… త్రినాధరావు కాదు, ఆణ్ణి తిట్టకు… సెప్తాను కదా, ఇంటికొచ్చేక అంతా సెప్తాను. నువ్వెళ్ళి నా బ్యాగు సర్దు. సాయంత్రం బండి అనకాపల్లిలో ఎక్కుతాను… లీవు ఉందిలే, ఆరు రోజులు ఉంది. అయినా ఎల్లాలి.

…

ఇంటన్నావా కన్నబాబూ?… అంతా ఇన్నావు. మంచిది.

ఎల్లుండి పొద్దున్నకి దిగుతాను. సీఓ సాబ్ దగ్గరికి నేనెల్తాను. విచారణలో నేనే అబద్ధమాడించేనని సెప్తాను. మా బామ్మర్ది సిన్నోడు, నా మాట కాదనలేక సంతకం పెట్టేడని సెప్తాను.

…

నిజంగానే సెప్తాను.

…

నమ్మకం కుదరడం లేదు కదా. దారిలో ఏదో ఆలోచించుకుని, నేరుగా త్రినాధరావు మీద కంప్లైంటు పట్టుకెళ్తాననుకుంటన్నావు.

…

లేదని సెప్పకు. నేనైతే అదే అనుకుందును.

…

సరే, ఇలా సెయ్యి. ఎల్లుండి తొమ్మిదింటికి ఆఫీసు తలుపు కాడ నిలబడు. నేను లోపలికెళ్ళేక నువ్వూ లోపలికి రా. నేను సెప్పేది నీ సెవులతో ఇను. ఒక్క ముక్క తప్పు సెప్పినా అక్కడే దిద్దు. బావనని సూడకు.

…

నేను రాకపోతేనా?

…

తొమ్మిదీ పది నిమిషాల దాకా సూడు. అప్పటికీ రాకపోతే నువ్వొక్కడివే లోపలికెళ్ళిపో… ఆ. ఫోను పెట్టేత్తన్నాను.