ఏంకనబడింది మేడం

ఏమే, పొద్దుట్నించి ఆ కాయితాల్లో తల దూర్చి కూచున్నావు, ఏంటది? రేపు మీ పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తున్నావా? ఎంతమందిని? అబ్బో, యాభై రెండా! ఇద్దరు టీచర్లకి యాభై రెండు మందంటే... సర్లే, మా రోజుల్లో నేనొక్కణ్ణే నలభై మూడు మందిని లాక్కెళ్ళేవాణ్ణి. ఏదీ, ఇలా తే ఆ కాయితం. కళ్ళజోడు... ఆఁ, నెత్తి మీదే ఉంది. "ఒకటి, మొదటి గదిలోని నాణేలు ఏ కాలానివి? రెండు, కత్తి పొడవెంత?" ఓసి నీ దుంప తెగ, ముప్ఫై ప్రశ్నలా! వీటన్నిటికీ జవాబులు అక్కడ కార్డుల మీద రాసే ఉంటాయి కదే, పిల్లలు చూసి ఎక్కించుకోడమేగా? నవ్వుతున్నానా? నవ్వక ఏం చెయ్యను తల్లీ, అచ్చం నాలాగే తయారయ్యావు. రా, ఇలా కూచో, ఆ పెన్ను పక్కన పెట్టు. నీకొకావిడ సంగతి చెప్పాలి. మ్యూజియంలో బళ్ళ పిల్లలకీ టీచర్లకీ కార్యక్రమాలన్నీ ఆవిడే నడిపేది. పిల్లలు ఆవిణ్ణి ఏంకనబడింది మేడం అనేవాళ్ళు. పోయి ఇరవై రెండేళ్ళయింది. ఆవిడ పని నేనే ఊడగొట్టబోయాను, తెలుసా నీకు? మెల్లగా, మెల్లగా! వంటింట్లో మీ అమ్మమ్మ వింటోంది. తనకి సగమే తెలుసు.

అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతికి సాంఘికం చెప్పేవాణ్ణి. ముక్కు మీద కోపం. ఇప్పుడు లేదంటావా? ఇప్పుడు ముక్కు జారింది, కోపం కూడా జారింది. మ్యూజియం అంటే నాకో పద్ధతి ఉండేది. పిల్లలు రెండు వరసల్లో నడవాలి, నోరెత్తకూడదు. ప్రతి అద్దాల పెట్టె దగ్గరా ఆగాలి, కార్డు మీదున్నది నోటుబుక్కులో ఎక్కించుకోవాలి, పక్కదానికి జరగాలి. నూట పన్నెండు వస్తువులు, నూట పన్నెండు కార్డులు. ఒకడు ఒకసారి "సార్, కత్తి చూడండి సార్, ఎంతుందో" అని తలెత్తాడు. "కత్తి ఎక్కడికీ పోదు, ముందు కార్డు రాయరా వెధవా" అని కసిరాను. బడికొచ్చాక ఎవడెన్ని కార్డులు ఎక్కించాడో లెక్కేసి మార్కులిచ్చేవాణ్ణి. మా హెడ్మాస్టరు ఆ పుస్తకాలు తనిఖీకొచ్చిన వాళ్ళకి చూపించి "మా పిల్లలండీ" అని తెగ మురిసిపోయేవాడు. పోన్లే పాపం, ఆయనకీ పైనుంచి ఒత్తిడి.

సరే, ఆ ఏడు వెళ్ళామా, వెళ్ళేసరికి మేడం కొత్తగా వచ్చింది. పొట్టి మనిషి, భుజాన గుడ్డసంచీ, చేతిలో జిగురు సీసా. పెట్టెల మీద చూద్దును కదా, కార్డులన్నిటి మీదా బ్రౌన్ పేపరు పట్టీలు అంటించేసి ఉన్నాయి! "ఏమండీ, కార్డులేవండీ?" అన్నా. "ఉన్నాయి మాస్టారూ, పట్టీ కింద. ముందు చూద్దాం, తర్వాత చదువుదాం" అంది. అని, ఒక పెట్టె తాళం తీసి, చేతులకి గుడ్డ తొడుగులేసుకుని, అందులోంచి ఏం తీసింది? ఒక చెక్క గరిటె. ఆ హాల్లో కత్తులున్నాయి, నాణేలున్నాయి, మనిషెత్తు జాడీలున్నాయి, ఇవన్నీ వదిలేసి గరిటె! నలభై మూడు మందినీ చుట్టూ నేల మీద కూచోబెట్టి, మధ్యలో గుడ్డ పరిచి దాని మీద పెట్టి, "ఏం కనబడింది?" అంది. పిల్లలు నా మొహం చూశారు. మాట్లాడొచ్చో లేదో తెలీదు కదా వాళ్ళకి. తర్వాత ఒకడు "చెక్క" అన్నాడు. "ఇంకా?" "కొస నల్లగా ఉంది." "ఎందుకని?" "మాడింది మేడం." ఇలా సాగుతోంది. నేను గడియారం చూసుకుంటున్నా.

మా క్లాసులో వెనకబెంచీ పిల్ల ఒకర్తి ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. ఏడాదిలో పదిమాటలు మాట్లాడిందేమో. ఆ పిల్లది ఎడంచేతి వాటం. బడి తెరిచిన రోజు నుంచీ నేను దాని ఎడంచేతి కణుపుల మీద స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయించేవాణ్ణి. ఏడ్చేది కూడా కాదు. ఆఁ, అలా చూడకు నన్ను, చెప్తున్నా కదా. ఆ పిల్ల ముందుకి జరిగి, గరిటె వంకే చూస్తూ, "ఇది ఎడంచేతి వాళ్ళది మేడం" అంది. మేడం కళ్ళు ఇంతయ్యాయి. "ఎలా తెలిసిందమ్మా?" "అమ్మ తిప్పే గరిటె ఒక పక్కన అరుగుతుంది మేడం. నేను తిప్పేది రెండో పక్కన అరుగుతుంది. ఇది నాదాన్లాగే అరిగింది." మేడం వెంటనే దాని చేతే కార్డు మీద పట్టీ లాగించింది. "చెక్క గరిటె, సుమారు రెండు వందల ఏళ్ళ నాటిది" అని ఉంది, అంతే. "చూశావా, ఈ సంగతి కార్డు రాసిన వాళ్ళకే తెలీదు" అని, పెన్సిల్ తీసి ఆ కార్డు కిందే రాసింది: వాడినవారిది ఎడంచేతి వాటం. పక్కన ఆ పిల్ల పేరు. దాని మొహం చూడాలి నువ్వు! నేను మాత్రం చూళ్ళేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. నేనేమో కొట్టి మాన్పిస్తున్న చెయ్యిని ఈవిడ నా పిల్లలందరి ముందూ నెత్తిన పెట్టుకుందే అని. ఒక్క గరిటె దగ్గర గంటన్నర. బస్సువాడు హారన్ కొడుతున్నాడు. నోటుబుక్కులన్నీ ఖాళీ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా, మ్యూజియం డైరెక్టరు గారికి ఉత్తరం రాశా. సిరా ఆరనివ్వకుండా నాలుగు పేజీలు. ఏమని? సదరు ఉద్యోగిని కార్డులను కప్పివేసినదనీ, నూట పదకొండు వస్తువులు చూపించలేదనీ, ఈ దిగువ పేర్కొన్న విద్యార్థులు తీవ్రంగా నష్టపోయారనీ. నలభై మూడు పేర్లూ రాశా. గోటితో పోయేదానికి గొడ్డలెత్తడమంటే ఇదే. రెండు వారాలు తిరక్కుండానే అన్ని బళ్ళకీ కాయితం వచ్చింది, ఫిర్యాదు కారణంగా విద్యార్థుల సందర్శనలు నిలిపివేశాం అని. హెడ్మాస్టరు స్టాఫ్‌రూమ్‌లో చదివి "ఎవడో పుణ్యాత్ముడు" అన్నాడు. నేను సుద్దముక్కలు ఏరుకుంటున్నా. అదే రోజు ఆ వెనకబెంచీ పిల్ల, ఎప్పుడూ పలకని పిల్ల, వరండాలో నాకు ఎదురొచ్చి "మళ్ళీ ఎప్పుడెళ్తాం సార్?" అంది. "చూద్దాం" అన్నా. మనసులో ఎక్కడో కలుక్కుమంది. అయినా ఉత్తరం వెనక్కి తీసుకునే ధైర్యం ఉందా? లేదు.

టీచర్లకి ఒక శిక్షణ మాత్రం ముందే ఖాయమైపోయి ఉంది. శనివారం, మ్యూజియంలోనే. డైరెక్టరు తనే వెనక కూచుని చూస్తాట్ట. నచ్చితే సందర్శనలు మళ్ళీ మొదలు, లేకపోతే అంతటితో సరి, మేడంని కింద గోదాములోకి పంపించి సామాన్లు లెక్కపెట్టిస్తారు. మా బడి తరఫున ఎవర్ని పంపాడు మా హెడ్మాస్టరు? ఇంకెవర్ని, నన్నే! తేలు కుట్టిన దొంగలా వెళ్ళి కూచున్నా. ఇరవై నాలుగు మంది టీచర్లం. మేడం వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి, పక్కన భూతద్దం పెట్టి, "ఇవాళ గరిటెలూ జాడీలూ వద్దండీ, ఈమధ్యే చేతికొచ్చిన వస్తువు ఒకటి చూద్దాం" అని ఒక కాయితాల కట్ట పెట్టింది. నా ఉత్తరం! చివర పేరూ, బడి పేరూ ఉన్నచోట బ్రౌన్ పేపరు పట్టీ. "రాసినవాళ్ళు ఎవరన్నది మనకొద్దు. ఏం కనబడింది?" అంది.

నలుగురు నలుగురు లేచి వెళ్ళి చూస్తున్నాం. నా ఉత్తరాన్ని నేనే వంగి భూతద్దంలో చూసుకున్నానంటే నమ్ము! అందరూ కలిసి నన్ను తిడతారనుకున్నా. మీసాల లెక్కల మాస్టారొకాయన లేచాడు. గొంతు బకెట్లోంచి వచ్చినట్టుండేది. "మేడం, పేర్లు అక్షరక్రమంలో లేవు, మార్కుల వరసలోనూ లేవు. ఇవి బెంచీల వరసండీ. ఈ మనిషి రిజిస్టరు చూడకుండా, కళ్ళు మూసుకుని క్లాసుని తలుచుకుంటూ రాశాడు. నాకు నా పిల్లలు సగంమంది పేర్లు రావు." ఇంకొకావిడ "ఇక్కడొక పేరు దగ్గర కలం నొక్కి కాయితం చిరిగిందండీ, ఆ పిల్ల మీద ఏదో బాధ ఉంది" అంది. నేను తల దించుకున్నా. అప్పుడొక కుట్టు టీచరమ్మ, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, పేజీని ఏటవాలుగా వెలుతురుకి పట్టి, "సిరా అంతా కుడిపక్కకి అలుక్కుపోయింది చూశారా? రాసిన అక్షరాల మీంచే చెయ్యి జరుగుతూ పోయింది. రాసినవాళ్ళది ఎడంచెయ్యండీ" అంది.

అవునే. నాదీ ఎడంచెయ్యే. నీకు తెలీదు కదూ? మా మాస్టారు నన్ను కొట్టి మాన్పించాడు, నేను ఆ పిల్లని కొట్టాను. బళ్ళో కుడిచెయ్యి, ఇంట్లో కోపమొస్తే ఎడంచెయ్యి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక్కడికీ తెలీనివ్వలేదు. ఆ మాట వినగానే హాల్లో అందరూ ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకున్నారు. డైరెక్టరు కూడా మెడ సాచి చూశాడు. ఆయనకి నా పేరు తెలుసు, మొహం తెలీదు. నా పెన్ను కుడిచేతిలోనే ఉంది, నన్నెవడు పట్టుకుంటాడు? ఒక్క మేడం మాత్రం ఎవరి చేతులూ చూళ్ళేదు. అటు తిరిగి కిటికీ సర్దుకుంటోంది. కావాలనే. తర్వాత తలా ఒక ఖాళీ కార్డు ఇచ్చి, "ఈ వస్తువుకి కార్డు రాయండి, రెండే వాక్యాలు" అంది. అందరూ తలలొంచి రాస్తున్నారు. నేను... నేను పెన్ను ఎడంచేతిలోకి మార్చుకున్నా. ఎందుకంటే చెప్పలేను. ఆవిడ అలా నన్ను కడుపులో దాచుకుంటే ఇంకా దొంగలా కూచోవడం నావల్ల కాలేదు. "ఒక మాస్టారు రాసిన ఉత్తరం. ఇది రాసేటప్పుడు ఆయనకి ఏమీ కనబడలేదు" అని రాశా. ఆవిడ వరసగా కార్డులు తీసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. చెయ్యి చూసింది, కార్డు చదివింది. సిరా ఆరలేదని రెండుసార్లు నోటితో ఊది, నా కార్డుని అన్నిటికంటే కింద పెట్టి, పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయింది. డైరెక్టరు లేచి కళ్ళజోడు తుడుచుకుని, "ఈ ఉత్తరం నేను మూడుసార్లు చదివానమ్మా, ఫిర్యాదు ఒక్కటే కనబడింది. సోమవారం నుంచి బళ్ళవాళ్ళని రమ్మని రాసెయ్యండి" అన్నాడు.

సోమవారం నేను బళ్ళో బోర్డు మీద పాఠం ఎడంచేత్తో రాశా. కోళ్ళు గెలికినట్టు వచ్చింది, పిల్లలు పడీపడీ నవ్వారు. వెనకబెంచీ పిల్ల నవ్వలేదు. బల్ల కిందనుంచి ఎడంచెయ్యి తీసి, నా వంకే చూస్తూ, పెన్ను పట్టుకుంది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు, ఏడాదికి రెండుసార్లు, ఎంతమంది పిల్లల్ని తీసుకెళ్ళానో ఆ మేడం దగ్గరికి! నేను మాస్టారినయ్యానంటే ఆవిడ పెట్టిన భిక్షేనే. అంతకు ముందు పన్నెండేళ్ళు జీతం తీసుకున్నానంతే. ఆవిడ రిటైరైన రోజు వెళ్తే, సంచీలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. ఉత్తరం, పట్టీతో సహా. నా కార్డు కూడా. "దీన్ని ఇక్కడ ఉంచాలంటే ఎవరిదో రిజిస్టర్లో రాయాలి మాస్టారూ, నాకు మనసొప్పలేదు" అంది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనుకున్నా. తప్పయిపోయిందమ్మా అనాలనుకున్నా. ఏమన్నానో తెలుసా? "బస్సు టైమైందండీ, వస్తాను" అన్నా. ఛీ. ఆ మరుసటేడే పోయింది.

అలమరా కింది అరలో, పెన్షను కాయితాల వెనక ఉంది ఆ కవరు, తీసుకో. పట్టీ ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆవిడ చేత్తో అంటించింది కదా. రేపు ఆ ముప్ఫై ప్రశ్నలూ ఇంట్లో వదిలేసి దీన్ని తీసుకెళ్ళు. మధ్యలో పెట్టు, ఏం కనబడింది అని అడుగు, వాళ్ళు ఏమంటే అది వింటూ ఉండు. అంతా అయ్యాక, మీ పిల్లల్లో ఎడంచేతి వాటం వాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ పిల్ల చేత పట్టీ తీయించు. పేరు చదవనీ. మా తాతయ్యే అని చెప్పు, పర్లేదు... సర్లే గానీ, రేపు బస్సు ఎన్నింటికి? ఎక్కేటప్పుడోసారి, దిగేటప్పుడోసారి తలలు లెక్కపెట్టుకో.