తెల్ల లెదర్ సీటు

స్టుట్‌గార్ట్ ఫ్యాక్టరీలో కొత్త స్పోర్ట్స్ కారు అందుకుని, ఆ దంపతులు జూరిచ్‌కు తిరుగు ప్రయాణమయ్యారు. హైవే ఎక్కగానే అతను ఆమె ముఖం మీద గుద్దాడు.

"తాళాలిచ్చినవాడితో ఏమిటే ఆ ఇకఇకలు?"

"ఫొటోకి నవ్వమన్నాడు, నవ్వాను. కారాపు, దిగిపోతాను."

"ఇంటికి పద, ఆ పళ్లన్నీ రాలగొడతా. ముందు ముక్కు తుడుచుకో! సీటుకి రక్తం అంటిందంటే చంపేస్తా. తెల్ల లెదర్ అది."

"నాకు వాంతి వచ్చేట్టుంది."

"మింగు, మింగు! ఆపుతున్నా. దిగు తొందరగా!"

లారీలు ఆగేచోట ఆమె దిగి, పక్కనున్న బండరాయిని రెండు చేతులా ఎత్తింది. అతనూ దిగాడు.

"ఏంటే, నా తల పగలగొడతావా? చేతనైతే రా!"

"నీ తల కాదు. ఒక్క అడుగు వేశావంటే ఈ బానెట్ మీద వేస్తా."

"వద్దు! వద్దే, నీ కాళ్లు పట్టుకుంటా!"

"తొమ్మిదేళ్లుగా నేనూ ఇలాగే వద్దన్నాను. ఒక్కసారైనా ఆగావా? అరవకు. ఆ లారీ డ్రైవరు పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. వాళ్లొచ్చేదాకా నా చేతులు నొప్పి పుట్టకూడదని దేవుడికి మొక్కుకో."