దుర్గన్న పాడే బీడీల పాట

"కాకా, గీ శుక్రవారం మస్కట్‌ల దుర్గన్న పాటల ప్రోగ్రాం ఉందట. అస్తవా?"

ఎవడు, ఆ దుర్గిగాడా? థూ! గీ సహం ఊరి నుంచి అంత దూరం పోయి వాని కూతలు ఇనాల్నా? జానపద సామ్రాట్ అంట, పోస్టర్ మీద శాలువా కప్పుకొని... అరే, వాడు నేను అప్పట్ల బహ్లా ఊర్ల ఒక్కటే రూమ్‌ల ఉన్నం బిడ్డా. షట్టరింగ్ పని. పనా? వాడెప్పుడు సుత్తె పట్టిండు! పొద్దుగాల డ్యూటీ బస్సచ్చే యాళ్లకు కడుపునొప్పి, బస్సు పోంగనే కంచం మీద దరువు. ఏడాదికే ముదీర్, గదే కంపెనీ మేనేజర్, ఇసిగిపోయి ఇంటికి తోలిండు. ఇప్పుడు టీవీలల్ల "ఎడారిల చెమటోడ్చి పాట కట్టిన" అంటడు. ఓడ్చినవ్ తియ్!

వాని పాటలేంది? అత్తాకోడండ్ల కొట్లాట ఒకటి, విమానం పాట ఒకటి. ఇగ మూడోది... ఏదీ... ఆఁ, బీడీల పాట. పెండ్లిళ్లల్ల మీరంత ఎగురుతరు సూడు, అది వానిది కాదు. మా గంగవ్వది. అవ్, మీ చిన్నమ్మదే.

అప్పుడు ఫోన్లెక్కడియి? క్యాసెట్ల మాటలు నింపి, ఊరికి పోయేటోళ్లతోని పంపేది. ఆమె బీడీలు చేసుకుంట పాడి పంపింది. "ఆకు నానేదాక ఆగుడు తెలుసు మామా, నువ్వచ్చేదాక ఆగుడెట్ల" అని. రూమంత ఏడ్సిండ్రు. వాడు గూడ ఏడ్సిండు. ఏడ్సుకుంటనే ఎత్తుకపోయిండు దొంగసచ్చినోడు! "మామా" తీసి "పిల్లా" పెట్టిండు. ఆకు ఎందుకు నానబెడుతరో అడుగు వాన్ని, చెప్తడేమో!

ఏందీ? ఆ క్యాసెట్ సూపెట్టి నలుగుట్ల నిలదియ్యాల్నా?

ఏడుందిరా అది. ఒక్క క్యాసెట్ అర్ధ రియాలుండె అప్పుడు. కొత్తది కొనబుద్ధిగాక, అచ్చినదాని మీదనే జవాబు నింపి మళ్ల పంపేది. అందరం గంతే. నేను గూడ ఆమె పాట మీద "మంచిగున్న, ఎండలు బాగ కొడుతున్నయి, పిల్లలు పైలం" అని నింపిన. వాడు దొంగతనం జేసిండు గని, తుడిచింది నేనే. ఆమె పోయి ఆరేండ్లాయె. గొంతు ఎట్లుంటుండెనో... సరిగ యాదికస్తలేదు బిడ్డా.

గని ఒక్కటుంది. "ఆగుడెట్ల" కాడ ఆమె జరంత గుంజి, ఊపిరి తీసుకునేది. ఆ దొంగసచ్చినోడు అది గూడ ఇడ్వలే. అచ్చం ఆమె తీరుగనే తీసుకుంటడు.

అస్త తియ్. నాకూ ఒక టికెట్ తీస్కో. వాని మొఖమైతే సూడ, కండ్లు మూసుకుంట. సల్లగుండు బిడ్డా... గని ఆ పాటచ్చినప్పుడు మీరెవ్వరు చప్పట్లు కొట్టకుండ్రి.