పిట్టగోడకు మించకూడదు

డాబా మెట్ల చివర మూసిన తలుపు. ఇవతల, దానికి ఇప్పుడే సీలు వేసి మెట్లు దిగబోతున్న మున్సిపల్ ఇన్‌స్పెక్టరు. అవతల, ఎండలో, ఇంటాయన, రిటైరైన ఫిజిక్సు మాస్టారు.

"ఎవరండీ తలుపు కొట్టేది?"

"నేనయ్యా, ఇంటాయన్ని! తలుపు వేసిందెవరు?"

"అయ్యో! మీరు లోపలున్నారా మాస్టారూ?"

"లోపల కాదు, బయట. లోపలున్నది నువ్వు. ముందు తియ్యి."

"తలుపు ఒక్కటే అయితే తీసేద్దును సార్. సీలు పడింది."

"సీలేమిటి?"

"మున్సిపాలిటీ సీలు. నేను ఇన్‌స్పెక్టర్ని. మీ సోలార్ పలకలు నిబంధనలకు విరుద్ధమని నోటీసులు వచ్చాయి కదా."

"వచ్చాయి. వాటికి నేను జవాబులూ రాశాను. మనిషి ఉన్నాడో లేడో చూడకుండా తలుపేస్తారుటయ్యా?"

"రెండుసార్లు పిలిచాం సార్."

"నాకు వినపడలేదే!"

"పిలిచినట్టు రాశాం."

"భేష్. ట్యాంకు వెనక పలకలు తుడుచుకుంటున్నాను, తల తిప్పి చూస్తే కనపడేవాణ్ణి. సరే, అయిందేదో అయింది. ఆ కాగితం చింపెయ్యి."

"అమ్మో! సీలు చింపితే కేసు సార్. మీరు చింపినా కేసే, నేను చింపినా కేసే."

"వేసింది నువ్వే కదా?"

"వెయ్యడం వరకే నా పని. తియ్యడానికి పై ఆఫీసరుగారి ఆర్డరు కావాలి. ఫోటో కూడా ఆఫీసుకి వెళ్ళిపోయింది."

"ఆయనకి ఫోన్ చెయ్యి మరి."

"సెలవులో ఉన్నారు. సోమవారం వస్తారు."

"ఇవాళ శుక్రవారం!"

"అవును సార్. అదే ఆలోచిస్తున్నా."

"ఆలోచించు నాయనా, తీరిగ్గా ఆలోచించు. నేనిక్కడ పెనం మీద నిలబడి ఉంటాను. అసలు నేను చేసిన నేరమేమిటో ఒక్కసారి నోటితో చెప్పు, వింటాను."

"ఈ వీధిలో డాబా మీద ఏది పెట్టినా పిట్టగోడకు మించకూడదు సార్. రోడ్డు మీంచి కనపడకూడదు."

"రోడ్డు ఏ వైపుంది?"

"దక్షిణం."

"పలకలు ఏ వైపు చూడాలి?"

"అదీ దక్షిణమే అనుకుంటా."

"అనుకోవడమేమిటి, అంతే. పిట్టగోడ ఎత్తుకు దించితే దాని నీడ పలకల మీదే పడుతుంది. నీడలో పలక ఏం పని చేస్తుంది?"

"దాని గురించి నిబంధనల్లో లేదు సార్."

"పోనీ పలకలు పైకే ఉంచి, గోడ కూడా ఎత్తు పెంచి కనపడకుండా చేస్తాను. అప్పుడు?"

"పెంచుకోవచ్చు. అనుమతి తీసుకోవాలి."

"ఎవరిస్తారు?"

"మేమే."

"ఇస్తారా?"

"డాబాకి సీలుండగా ఇవ్వకూడదు సార్."

"ఇంత చక్కటి వలయం నేను ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసినా రాలేదయ్యా. ఎవరు రాశారు దీన్ని?"

"జనం భద్రత కోసమే సార్. గాలివానకి పలక ఎగిరి ఎవరి నెత్తినైనా పడితే?"

"నాలుగు మూలలా బోల్టులు బిగించాను. ఏనుగు లాగినా రావు. విను, ఇవి సరదాకి పెట్టినవి కావు. కింద మా ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మిషను మీద ఉంది. ఈ పేటలో కరెంటు చెప్పి పోతుందా, చెప్పి వస్తుందా? మిషను బ్యాటరీ నింపేవి ఈ పలకలే, వీటిని పీకేస్తే ఆవిడ ఊపిరి పీకేసినట్టే."

"ఆ... అమ్మగారు... ముందు గదిలో ఉంటారు కదూ?"

"అవును. నీకెలా తెలుసు?"

"వస్తూంటే... అదే, గది కనపడింది. మాస్టారూ, మీకో మాట చెప్పనా? రోగి కోసమైతే మినహాయింపు ఉంది."

"తెలుసు. చదివాను."

"మరి పెట్టుకోలేదేం?"

"రోగి స్వయంగా అధికారి ముందుకొచ్చి సంతకం చెయ్యాలట. అలా నడిచి రాగలిగితే రోగి ఎందుకవుతుంది? పడిపోతుంది. మెట్టు దిగకూడదు, మంచం దిగకూడదు. మిషను గొట్టం ఎంత పొడుగో అంతే ఆవిడ ప్రపంచం."

"డాక్టరు అలా చెప్పారా?"

"డాక్టరు... రాత్రిపూట తప్పనిసరి అన్నాడు. పగటి సంగతి నేను లెక్క వేశాను."

"ఓహో."

"ఓహో ఏమిటి? నాకు ఆవిడ కావాలయ్యా. ఒకసారి వంటింట్లో ఒరిగిపోయి నీలం తిరిగింది. అది చూసినవాడు లెక్క వెయ్యకుండా ఉండలేడు."

"కాదన్నానా సార్? మాటవరసకి... అమ్మగారు నా ముందుకొచ్చి సంతకం చేస్తే, ఆ కాగితం బలంతో సీలు నేనే తీసెయ్యొచ్చు. ఆర్డరు అక్కర్లేదు. పలకలూ ఉంటాయి, మీరూ దిగొస్తారు."

"ఆవిడ రాగలిగే స్థితిలో లేదన్నాను కదా! నువ్వు సోమవారం దాకా కాస్త నీళ్ళూ తిండీ ఎలా అందిస్తావో చూడు. ఆవిడకి మాత్రం చెప్పకు. కంగారు పడుతుంది."

"వినేసిందండీ."

"ఎవరు? ఎవరది?"

"నేనే. ఎండగా ఉందా అక్కడ?"

"నువ్వా! నువ్వెలా వచ్చావు? మెట్లెక్కావా? మిషనేది? కూర్చో, కూర్చో, మాట్లాడకు!"

"మధ్యమధ్య కూర్చుంటూనే వచ్చాను. ఊపిరి కూడా పీల్చుకుంటూనే వచ్చాను."

"అసలు నీ తలుపు... తలుపెవరు తీశారు?"

"ఉండండి, ముందు ఈ మెట్టు మీద కూర్చోనివ్వండి."

"నిన్నే అడుగుతున్నాను. గదికి తలుపు..."

"నేనే తీశాను సార్. పైకొస్తుంటే లోపల్నించి తడుతున్నారు. చూస్తే బయట గడియ పెట్టి ఉంది. ఎవరో పొరపాటున పెట్టారేమో అనుకున్నా."

"పొరపాటు కాదు బాబూ. ఆయన పైకొచ్చినప్పుడల్లా పెడతారు."

"నీ మంచికేనే! నేను పైనుండగా లేచి తిరిగి ఎక్కడైనా పడితే?"

"తెలుసండీ. మీరు మంచికి తప్ప ఏదీ చెయ్యరు. అందుకే ఇన్నాళ్ళూ అరవలేదు, తట్టానంతే. మీకు వినపడలేదు."

"వినపడలేదు... అవును. నిజంగానే వినపడలేదు. ట్యాంకు వెనక..."

"పోనివ్వండి."

"అమ్మా, కాగితం ఇదిగో. ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి. అయిపోతుంది."

"పెన్ను కూడా ఇవ్వండి బాబూ."

"చెయ్యి, తొందరగా చెయ్యి! నా కాళ్ళు కాలిపోతున్నాయి."

"ట్యాంకు పక్కన నీడుంటుంది, అందులో నిలబడండి. బాబూ, మీకేం తొందర లేదు కదా?"

"లేదమ్మా. మీరెప్పుడు చేస్తే అప్పుడే."

"చేస్తాను. ఏడాదిన్నరగా నా చెప్పులెక్కడున్నాయో నాకే తెలీదు, ముందవి వెతుక్కోవాలి. ఈ వీధి చివరిదాకా ఒక్కసారి నడిచొచ్చి చేస్తాను."