వేడినీళ్ళ తొట్టె గుట్టు

మంచుదేశపు రాజధాని రేక్యావిక్‌లో, పడమటి పేట ఈతకొలను దగ్గర, పొద్దున ఏడింటికి, ఆవిరి కక్కే వేడినీళ్ళ తొట్టెలో వదినామరదళ్ళు మెడదాకా మునిగి కూర్చున్నారు. తలల మీద మంచు రాలుతోంది.

"చూశావా ఆ పరాయిదేశపు పిల్లని? కొలనులో దిగేముందు అన్నీ విప్పి కడుక్కోవాలన్న మన నియమం తెలీనట్టు, ఒంటి మీద బట్టతోనే షవరు కింద నిలబడింది. కాపలా ఆవిడ పట్టుకుని, అన్నీ విప్పించి సబ్బుతో తోముకోమంది. లేకపోతే దాని మురికిలో మనం నానేవాళ్ళం!"

"సిగ్గుపడిందేమో వదినా."

"అంత సిగ్గయితే ఇంట్లో కూర్చోవాలి. ఊరు చూడవచ్చేవాళ్ళ కోసం పత్రికలో ‘ఈ ఊరివాళ్ళు చెప్పిన ఊరు’ అని వేశారట. అందులో మన తొట్టె కూడా ఉందట! ఏ నోరాగని దద్దమ్మ చెప్పిందో! దొరికితే మళ్ళీ ఇందులో కాలు పెట్టనివ్వను."

మరదలు నీళ్ళలో చేతులు పిసుక్కుంది. ఇరవై ఏళ్ళుగా ఆమెకి పొద్దున పూట వెళ్ళడానికి వేరే చోటు లేదు.

"నేనే చెప్పాను వదినా."

"నువ్వా? నాలుగు మాటలు కలిపి చెప్పడం నీకెప్పుడొచ్చిందే?"

"బస్సులో ఆ పత్రిక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఈ ఊళ్ళో మీకేది ఇష్టమని అడిగింది. మీ తమ్ముడు పోయాక నన్నెవరూ ఏదీ అడగలేదు వదినా. నేను చెప్పడం అయ్యేదాకా ఆ అమ్మాయి..."

"అది సరేలే, నా గురించి ఏం చెప్పావు?"

మరదలు లేచింది. తడికాళ్ళతో మంచులో నడిచి, పక్క తొట్టెలో ఒక్కతే ముడుచుకు కూర్చున్న ఆ పరాయిదేశపు పిల్ల దగ్గరికి వెళ్ళి దిగింది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.